గాలి ఎవరిది?

దేశమున క్రొత్త బాట వేయబడినపుడెల్ల ప్రజలు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. బాట యెంత వెడల్పు, దానిపై బండి యెంత వేగముగా పోవును అని యడిగిన చాలదు. అది యెవరి వాకిట మొదలై యెవరి వాకిటికి పోవుచున్నది, దాని సుంకపు గేటు తాళము ఎవరి మొలలో నున్నది యని యడుగవలయును. పందొమ్మిదవ శతాబ్దమున ఈ దేశమున తంతితీగలు నాటినపుడు ఆ ప్రశ్న నడుగుటకు మనకు నోరు లేకుండెను. తీగ మన పొలముల మీదుగా పోయెను, వార్త దొరలదాయెను. 1857లో ఆ తీగయే కంపెనీ ప్రభుత్వమునకు చేయూత యయ్యెను. రైలుబాటలు పడినపుడును అట్లే జరిగెను. ఇంగ్లండులోని వాటాదారులకు నూటికి 5 వంతుల వడ్డీకి పూచీపడినది భారతదేశపు ఖజానా. రైలుమొగము చూడని రైతు సైతము ఆ వడ్డీ భారమును మోసెను. తీగయు, రైలును చెడ్డవి కావు. అడుగవలసిన ప్రశ్న నడుగు అధికారము మనకు లేకపోవుటయే చెడ్డదాయెను.

నేడు మన తలలమీదుగా కంటికి కానరాని బాట పడుచున్నది. 2022 అక్టోబరు 1వ తేదీన ఢిల్లీలో ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ 5జీ సేవను ప్రారంభించిరి. మనుష్యుడు మనుష్యునితో మాటలాడుటయే గాక యంత్రము యంత్రముతో మాటలాడు కాలము వచ్చినదని నాడు చెప్పిరి. భీమవరపు ప్రాంతమున రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గిన మఱుక్షణమే రైతు చేతి ఫోనుకు హెచ్చరిక రావచ్చును; మన్యములోని రోగిని విశాఖపట్టణపు వైద్యుడు తన గదినుండియే పరీక్షింపవచ్చును. ఇవి యసాధ్యములని మేమనము. విజ్ఞానమునకు అడ్డుపడు మూఢత్వము మా పక్షము కాదు. స్వతంత్రదేశపు పౌరులమై యుండి, నాడు అడుగలేకపోయిన ప్రశ్నను నేడు కూడ అడుగకుందుమా యన్నదే మా విచారము.

మొదట, ఈ గాలి యెవరిది? దీనికి ఉత్తరము సందేహము లేకుండ చెప్పబడియున్నది. క్రికెట్టు ఆటల ప్రసారమును గూర్చి బెంగాలునుండి వచ్చిన వ్యాజ్యములో 1995 ఫిబ్రవరి 9వ తేదీన సుప్రీముకోర్టు, ఆకాశతరంగములు ప్రజల యాస్తి యనియు, వాటి వినియోగము ప్రజల మేలుకొఱకే జరుగవలయుననియు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున కూర్చుండి ప్రత్యేకముగా తీర్పు వ్రాసినవారిలో మన తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి గారొకరు. కావున పెద్ద కంపెనీలు గాని, ప్రభుత్వమే గాని ఈ తరంగములకు యజమానులు కారు. ప్రభుత్వము ధర్మకర్త, కంపెనీ కౌలుదారు, యజమాని ప్రజ.

ఆ యజమాని యాస్తిని ధర్మకర్త 2022 జూలై 26 మొదలు ఆగస్టు 1 వఱకు ఏడు దినములు వేలము వేసెను. పాడినవారు నలుగురు. పలికిన మొత్తము 1,50,173 కోట్ల రూపాయలు. అందు జియో వంతు 88 వేల కోట్లకు పైగాను, ఎయిర్‌టెల్ వంతు 43 వేల కోట్లకు పైగాను ఉండెను. ఇరువది సంవత్సరముల కౌలు. ఇరువది వాయిదాల చెల్లింపు. ఇంత సొమ్ము వచ్చినదని సంబరపడినవారు ఒక్క సంగతి మఱచిరి. ఆ సొమ్ము కౌలుదారు తన పెట్టెలోనుండి తీసి యిచ్చునది కాదు. నెలనెల మనము కట్టు రీచార్జి సొమ్ములోనుండియే తీసి యిచ్చును. తన పొలమును కౌలుకిచ్చిన రైతు ఆ కౌలు సొమ్ము తానే కట్టి, పైగా గింజలు వెలకు కొనుక్కొనినట్లున్నది ఈ వ్యవహారము. కౌలుకిచ్చుట తప్పని మేము చెప్పుట లేదు. కౌలుపత్రమున యజమానికి మేలుచేయు షరతు లేమున్నవని యడుగుచున్నాము. ఏ పల్లెకు ఏనాటికి సేవ చేర్చవలయునో వ్రాసి పంచాయితీ గోడమీద అంటించిన యధికారి మన కెచ్చటను కనబడలేదు.

ఇచ్చట పాఠకులు ఒక తేదీని జ్ఞాపకముంచుకొనవలయును. వేలము మొదలైన మఱునాడు, అనగా 2022 జూలై 27న, కేంద్ర మంత్రివర్గము మఱియొక పథకమును ఆమోదించెను. దేశమున 24,680 గ్రామములకు 4జీ సేవయే లేదనియు, వాటికి దానిని చేర్చుటకు 26,316 కోట్లు వ్యయమగుననియు, ఆ పని ప్రభుత్వసంస్థయైన బీఎస్ఎన్ఎల్ చేయవలయుననియు నిశ్చయించిరి. ఒక గదిలో అయిదవ తరమునకు వేలంపాట. ప్రక్కగదిలో నాలుగవ తరమును చూడని ఇరువది నాలుగు వేల గ్రామముల లెక్క! మింగ మెతుకు లేదు, మీసములకు సంపెంగనూనె యన్న మన పెద్దల మాట యిచ్చటికి సరిపోవును. లాభమున్న పట్టణములు ప్రైవేటువారికి, లాభము లేని కొండలును అడవులును ప్రభుత్వసంస్థకు అను పంపకము ఆ రెండు నిర్ణయములలో స్పష్టముగా కానవచ్చుచున్నది.

ఇందు వ్యాపారుల దుర్బుద్ధికంటె ప్రకృతిధర్మమును లెక్కలును ఎక్కువ పని చేయుచున్నవి. తరంగపు కంపనము ఎంత యధికమో అది పోగల దూరము అంత తక్కువ. 5జీకి ముఖ్యముగా వాడు 3,300 మెగాహెర్ట్జుల తరంగములు పాత సేవల తరంగములంత దూరము పోవు. 26 గిగాహెర్ట్జుల తరంగములకు గోడయో, చెట్టో అడ్డువచ్చినను కష్టమే. కాబట్టి స్తంభములు దగ్గఱదగ్గఱగా నాటవలయును. ప్రతి స్తంభమునకు నేలలోనుండి ఫైబరు తీగ రావలయును. హైదరాబాదులోని ఒక వీథిలో వేయిమంది గిరాకులకు ఒక స్తంభము గిట్టును. పాడేరు కొండలలో నలువది గడపల గూడెమునకు గిట్టదు. గిట్టని చోటికి వ్యాపారి తనంత తాను పోడు. పోనిచోటికి పోవలసినది ప్రభుత్వము. అందుకొఱకే గదా 2002 నుండి ప్రతి కంపెనీ రాబడిలోను నూటికి 5 వంతులు సార్వత్రిక సేవానిధికని తీయుచున్నారు! ఆ నిధి పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి యైనది. పేరు మాఱినది గాని, వసూలైన సొమ్ములో పెద్దభాగము ఏండ్ల తరబడి పల్లెకు చేరలేదన్న నింద మాఱలేదు. రెండున్నర లక్షల పంచాయితీలకు ఫైబరు వేయుటకు 2011 అక్టోబరులో సంకల్పము చేసిరి. రెండేండ్లలో ముగియునన్నారు. 2023లో ఆ పనికే మఱల 1,39,579 కోట్లు మంజూరు చేయవలసి వచ్చెను.

దేశములోని జిల్లాలన్నిటికిని దాదాపుగా 5జీ చేరినదని ప్రభుత్వము చెప్పుచున్నది. ఇల్లలుకగానే పండుగ యగునా? జిల్లా కేంద్రమున బస్సుస్టాండువద్ద స్తంభము నిలిచిన మాత్రమున ఆ జిల్లా లెక్కకెక్కును. అటవీ గ్రామపు బాలిక పాఠము వినుటకు కొండయెక్కుట లెక్కకెక్కదు. ఎచ్చట సేవ గలదో, ఎచ్చట లేదో తెలుపు పటములను కంపెనీలు ప్రకటింపవలయునని ట్రాయి 2024లో నిబంధన చేసెను. మంచిదే. కాని ఆ పటములున్నవి ఇంటర్నెట్టులో! సేవ లేనివాడు తనకు సేవ లేదని తెలిసికొనుటకు సేవయున్న యూరికి నడిచిపోవలయును. ఇక స్తంభమున్న యూరిలోనైనను దానిని వాడుకొనువా రెవరు? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడితిమని చెప్పిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు 48 మందికి పైగా నుండిరి. తెలంగాణమున స్త్రీలు నూటికి 26 మంది. తరువాత ఈ సంఖ్యలు పెరిగినమాట నిజమే. అయినను ఒకే యింటిలో అన్న చేతికి ఫోనును, చెల్లెలి చేతికి చీపురును ఇచ్చు సంసారములు నేటికిని లేకపోలేదు. ఈ దూరమును వేగము తగ్గింపదు.

ఇక పరికరముల సంగతి. తమంత తాము వార్తలు పంపుకొను యంత్రములని వినగానే పట్టణవాసికి శీతలపెట్టెయు, చేతిగడియారమును జ్ఞప్తికి వచ్చును. బీదవానికి ఈ యంత్రము వేఱురూపమున ఎన్నడో దర్శనమిచ్చినది. అది చౌకదుకాణములోని వ్రేలిముద్రల యంత్రము. యంత్రమునకు సిగ్నలు దొరకనినాడు డీలరు దానిని చంకబెట్టుకొని గుట్ట యెక్కును. ముసలివారు అతని వెనుక ఎక్కుదురు. బియ్యము గోతములలోనున్నది, ఆకలి కడుపులోనున్నది, నడుమ తరంగము లేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, సర్కారు మంజూరుచేసిన బియ్యమును యంత్రము మంజూరు చేయదు. ఉపాధిహామీ పనులలో 2023 జనవరి 1 నుండి కూలీల హాజరును ఫోనులోని యాప్ ద్వారా, ఛాయాచిత్రములతో నమోదు చేయవలయునని నిర్బంధించిరి. సిగ్నలు లేక హాజరు పడనిచో ఎండలో మట్టి మోసినవాని కూలికే ముప్పు వచ్చెను. యంత్రము తప్పుచేసిన శిక్ష మనుష్యునికి పడుట ఏ ధర్మశాస్త్రమున నున్నది?

రెండవ యంత్రము మన గోడమీదికే వచ్చుచున్నది. అది స్మార్ట్ మీటరు. 2021లో ప్రారంభించిన పథకముక్రింద దేశమున 25 కోట్ల ముందుచెల్లింపు మీటర్లు బిగింప నిశ్చయించిరి. శ్రీకాకుళము జిల్లాలో వ్యవసాయపు మోటార్లకు మీటర్లు పెట్టి ప్రయోగము చేసిరి. 2024 మే నెలలో గుజరాతులోని వడోదరలో ప్రజలు ఈ క్రొత్త మీటర్లకు ఎదురుతిరిగిరి. విద్యుత్తు దొంగతనము ఆగుననియు, లెక్క సరిగా వచ్చుననియు అధికారులు చెప్పుదురు; అందు కొంత నిజము గలదు. కాని ఈ మీటరు నెలకొకమారు లెక్క చూపు పాతమీటరు కాదు. అరగంట కొకమారో, అంతకంటె తఱచుగానో మన యింటి వాడుకను కంపెనీకి తెలుపుచుండును. ఇంటిలో మనుష్యు లెప్పుడు మేల్కొనిరి, ఎప్పుడు ఊరికి పోయిరి అన్నది ఆ లెక్కనుబట్టి యూహింప వచ్చును. డబ్బు చెల్లగానే ఎచ్చటనో కూర్చుండి మీట నొక్కి దీపము నార్పవచ్చును. పూర్వము కరెంటు తీయుటకు వచ్చిన లైనుమానుతో గృహిణి మాటలాడి, పిల్లవాని పరీక్షలని చెప్పి, రెండుదినముల గడువడిగెడిది. ఇప్పు డెవరి నడుగును?

ఈ లెక్కలన్నియు ఎచ్చట నిలువయుండును? వాటిని చూచు అధికార మెవరిది? 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఆంతరంగికత పౌరుని మూలహక్కని ఏకగ్రీవముగా చెప్పెను. ఆ హక్కును కాపాడుటకని 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసిరి. ఆ చట్టమునందే, కేంద్రప్రభుత్వము తాను పేర్కొన్న ప్రభుత్వసంస్థలకు చట్టము వర్తింపకుండ చేయు వీలును ఉంచుకొనెను. తగవు తీర్చు మండలి సభ్యులను నియమించునదియు కేంద్రప్రభుత్వమే. కంచె వేసినవాడే కంచెలో తనకొక దొడ్డిదారి పెట్టుకొనినచో చేను మిగులునా? అంతతో నాగక అదే చట్టముతో సమాచారహక్కు చట్టమును సవరించి, వ్యక్తిగత సమాచారమన్న పేరుతో అధికారులు సమాధానము నిరాకరించుటకు దారి వెడల్పు చేసిరి. పౌరుని యింటికి క్రొత్త కిటికీ తెఱచి, కచేరి కిటికీకి మాత్రము తెర దించిరి.

మఱియొక సంగతి. మన తంతి చట్టము 1885 నాటిది. కాంగ్రెసు మహాసభ పుట్టిన సంవత్సరమే పరప్రభుత్వమును దానిని పుట్టించెను. వార్తలను ఆపుటకును, నడుమ పట్టి చూచుటకును ప్రభుత్వమున కధికార మిచ్చిన ఆ చట్టము స్వరాజ్యము వచ్చిన తరువాత గూడ డెబ్బదియైదేండ్లకు పైగా బ్రదికెను. 2023లో దానికి బదులు క్రొత్త చట్టము వచ్చెను. ఆ యధికారములు మాత్రము అందును కొనసాగుచున్నవి. కాశ్మీరమున 2019 ఆగస్టు నుండి ఆపిన వేగవంతమైన ఇంటర్నెట్టు 2021 ఫిబ్రవరి వఱకు తిరిగి రాలేదు. నిరవధికముగా ఆపరాదనియు, ఆపు ఉత్తరువులను ప్రకటింపవలయుననియు సుప్రీముకోర్టు 2020 జనవరి 10న చెప్పియుండెను. వైద్యము, బియ్యము, కూలి, దీపము అన్నియు ఒకే తరంగముపై నడుచు రోజున ఆ తరంగము నాపిన వాని చేతిలో ఎంతటి శక్తి యుండునో పాఠకులే యోచింతురు గాక.

ఇంతటి శక్తి ఎందరి చేతులలో నున్నది? ఒకప్పుడు పదిమందికి పైగా కంపెనీలు పోటీపడిన అంగడిలో నేడు మిగిలిన ప్రైవేటువారు ముగ్గురు. 2024 జూన్ 27న ఒకరు ధరలు పెంచుచున్నామని ప్రకటింపగా, తక్కిన యిరువురును మఱునాడే ప్రకటించిరి. పెంపుదల నూటికి పదికి పైగాను, కొన్నిట ఇరువదికి పైగాను ఉండెను. ఆ ముగ్గురిలో నొకరైన వొడాఫోన్ ఐడియా బాకీలు తీర్చలేకపోగా, ఆ బాకీకి బదులుగా ప్రభుత్వము 2025 నాటికి అందు నూటికి 49 వంతుల వాటా పుచ్చుకొనెను. నష్టము వచ్చిన భాగమునకు ప్రజ వాటాదారు. లాభము వచ్చు భాగమునకు ప్రజ గిరాకి!

మా మాటకు ఎదురుచెప్పువారి వాదమును దాచిపెట్టము. ప్రపంచమున నింత చౌకగా డేటా దొరకు దేశములు కొన్నియే గదా, 2014లో రెండువందల రూపాయలు దాటిన వస్తువు పది రూపాయల ప్రాంతమునకు దిగెను గదా, ప్రైవేటువారి సాహసము లేక యిది జరుగునా యని వారందురు. చౌకయైన మాట నిజము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత కోట్లమంది బీదలు మొదటిసారి ఇంటర్నెట్టు చూచిరన్నది నిజము. దానిని కాదనుట కృతఘ్నత. కాని మొదట చౌకగా పోసి, పోటీదారులు పోయిన పిమ్మట వెల పెంచుట అంగడిలో క్రొత్త విద్య కాదు. నేటి చౌక రేపటికి హామీ కాదు. బోదకాఫీ ఉచితముగా పంచిన దుకాణము రేపు వీథిలో నొక్కటే మిగిలినచో, దాని కాఫీ వెల నిర్ణయించునది మన దాహమే.

మనకు చేతగాదను మాటను గూడ మేమంగీకరింపము. 1984లో సీ-డాట్ స్థాపింపబడినపుడు మన యింజనీర్లు విదేశపు యంత్రములను చూచి బెదరలేదు. పల్లె వేడికి తాళి, చల్లదనపు గది యక్కఱలేక పనిచేయు 128 లైనుల చిన్న ఎక్స్ఛేంజిని స్వయముగా చేసిరి. ఊరూరను పచ్చరంగో, పసుపురంగో పూసిన ఎస్టీడీ బూతులు వెలసినది ఆ యుగముననే. అట్టి దేశమున బీఎస్ఎన్ఎల్ గతి యేమయ్యెను? ప్రైవేటువారు 2012లోనే 4జీ మొదలుపెట్టగా, ప్రభుత్వసంస్థకు దాని తరంగములిచ్చు నిర్ణయము 2019లో జరిగెను. 78 వేలకు పైగా ఉద్యోగులను ముందుగా ఇంటికి పంపిరి. 2020లో పిలిచిన టెండరును రద్దుచేసి, స్వదేశీ యంత్రములే వాడవలయునని నియమము పెట్టిరి. ప్రైవేటువారు మాత్రము స్వీడను, ఫిన్లండు, కొరియా దేశముల కంపెనీల యంత్రములతో 5జీ కట్టిరి. స్వదేశీవ్రత మొక్కరికే, అదియు ఉపవాసమున్నవానికే! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా నీయదన్న సామెత యిదే.

అయినను ఆ వ్రతము ఫలింపకపోలేదు. సీ-డాట్, తేజస్, టీసీఎస్ కలిసి చేసిన స్వదేశీ 4జీ యంత్రసముదాయమును 2025 సెప్టెంబరు 27న ఒడిస్సాలోని ఝార్సుగూడలో జాతికి అంకిత మొనర్చిరి. ఆలస్యముగనైనను మన చేతులతో చేసినది మనకు చేతనగునని ఋజువు చేసెను. తిరుపతి జిల్లా శ్రీసిటీలో మన యాడపడుచులు 2015 నుండి విదేశపు పేరుగల ఫోనులను కూర్చుచున్నారు. వారి వ్రేళ్ల నైపుణ్యము తక్కువది కాదు. కాని ఫోనునకు మెదడనదగిన చిప్పు మాత్రము సముద్రము దాటియే వచ్చుచున్నది. కూర్పు మనది, మెదడు పరులది యైనంతకాలము దీనిని స్వదేశీ యని పొగడుకొనుట ఆత్మవంచన.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: ఇకముందు తరంగములు వేలము వేయునపుడు, ఏ గూడెమునకు ఏనాటికి సేవ చేర్చవలయునో కౌలుపత్రమున వ్రాయవలయును, తప్పినచో తరంగము తిరిగి తీసికొనవలయును, ఆ పట్టిక ప్రతి పంచాయితీ గోడమీద తెలుగులో నుండవలయును. రెండవది: సిగ్నలు లేదన్న కారణమున బియ్యము గాని, కూలి గాని, పింఛను గాని ఒక్క పూటయు ఆపరాదు, యంత్రము పనిచేయనిచోట కాగితపు పుస్తకము పనిచేయవలయును. మూడవది: మీటరు మొదలుకొని ఏ యంత్రము సేకరించిన లెక్కయైనను ఇంటివానిది, దానిని చూచుటకు న్యాయస్థానమువంటి స్వతంత్రమండలి యనుమతి కావలయును. నాలుగవది: బీఎస్ఎన్ఎల్‌ను ప్రైవేటువారు వదలిన కొండలకు కూలివానిగా గాక, పట్టణములోను వారితో సమానముగా పోటీపడు సంస్థగా నిలుపవలయును. ప్రజలకు తమదైన యంగడి యొకటి తెఱచియున్నపుడే తక్కిన యంగళ్ల త్రాసులు సరిగా తూగును.

ఇవి ఢిల్లీలోనివా రెవరో దయతలచి యిత్తురని కూర్చుండిన రావు. ఈ పత్రికను చదువు ప్రతి పఠనమందిరమునకు మాదొక మనవి. గోడమీద నొక కాగితము తగిలింపుడు. ఒక్క నెల దినములు, మీ చుట్టుపట్ల ఏ చౌకదుకాణమున ఏ దినమున యంత్రము మొరాయించినది, ఎందరు బియ్యము లేక తిరిగిపోయిరి, ఏ వీథిలో ఫోను పలుకదు, ఎవరి యింట డబ్బు చెల్లి దీపమారినది అని తేదీలతో వ్రాయుడు. ఆ కాగితమును గ్రామసభలో చదివి తీర్మానము చేసి, శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి, ట్రాయికి పంపుడు. ఉపన్యాసములకు జవాబులు సిద్ధముగా నుండును. తేదీలతో వ్రాసిన లెక్కకు జవాబు చెప్పుట కష్టము.

తంతితీగ నాటిననాడు మన తాతలకు నోరు లేకుండెను. మనకు నోరున్నది, ఓటున్నది, మన గాలి మనదేయన్న తీర్పున్నది. ఇన్ని యుండియు, మన యింటిలోని వెలుతురుకు, మన కంచములోని మెతుకునకు ఎచ్చటనో నొక్కు మీటను సాక్షిగా పెట్టుకొని ఊరకుందుమేని, ఆ తప్పు తరంగములది కాదు, మనదే యగును.